నేల మీద పెట్టని బిడ్డ

మా పాప మొదటిసారి తెలివితప్పి పడిపోయినప్పుడు దానికి ఇంకా ఏడాదిన్నర నిండలేదు. ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన కొత్త. మేము ప్రొద్దుటూరులో ఉండేవాళ్లం. మా ఆయన పత్తి మిల్లులో కాటా దగ్గర పని చేసేవాడు. ఆ పొద్దున పాప నిద్రలేచీ లేవగానే పాలు ఇంకా కాగలేదని ఏడుపు అందుకుంది. మా ఇంట్లో చిన్న గొంతు ఉన్నవాళ్లు ఎవరూ లేరు గనుక నేను పెద్దగా పట్టించుకోలేదు. పొయ్యి ఊదుకుంటూ ఉన్నాను. ఉన్నట్టుండి ఏడుపు తెగిపోయింది. తిరిగి చూస్తే పాప గచ్చు మీద పడి ఉంది. పెదవులు నేరేడు పండ్లు తిన్నట్టు నల్లబడ్డాయి. మెడ నిలవడం లేదు.

నేను అందుకునేలోపలే మా అత్త వచ్చి బిడ్డను గచ్చు మీంచి పెరుక్కుంది. "నేల మింద ఉండనీగాకు! లేపు, లేపు!" అంటూ నిలువుగా భుజానికెత్తుకుని వీధిలోకి పరుగెత్తింది.

ఆ కేక అర్థం కావాలంటే మా ఇళ్ల పద్ధతి చెప్పాలి. మా దగ్గర మనిషిని నేలకు దించేది ఒక్కసారే. ఇంక లాభం లేదని పెద్దవాళ్లు తేల్చుకున్నాక, ప్రాణం పోయే ముందర, మంచం మీంచి దించి నేల మీద పడుకోబెడతారు. ఫలానా వాళ్లను దించినారంట అని వీధిలో మాట వచ్చిందంటే బంధువులు బయల్దేరవచ్చు. అందుకని ఎవరు కండ్లు తిరిగి పడినా మొదట చేసే పని వాళ్లను లేవనెత్తడం. తర్వాతే చేతిలో తాళంచెవులు పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ నలిపి పెట్టడం, ముఖాన నీళ్లు చల్లడం. ఆ రోజు మా పాప ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మారుతూ వీధి ఆ చివరిదాకా పోయి వచ్చింది. ఎంతసేపటికో కండ్లు తెరిచింది. అంతసేపు దించకుండా పట్టుకున్నందుకు అందరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు.

అప్పట్నుంచి అది మాకు మామూలైపోయింది. ఏడ్చినా పడిపోయేది, ఎండలో తిరిగినా పడిపోయేది, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా పడిపోయేది. పక్కింటి సాయిబుల పెద్దమ్మ దర్గాలో తాయెత్తు కట్టించుకొచ్చింది. మా అత్త పాప పుట్టెంటికలు గండి ఆంజనేయస్వామికి మొక్కుకుంది. నేను ఎవరేం చెప్పినా చేశాను. లోపల మాత్రం ఒకటే ఉండేది, ఈసారి కండ్లు తెరుస్తుందా లేదా అని.

నడక వచ్చాక ఇంకో వింత మొదలైంది. నాలుగడుగులు వేసేది, టక్కున గొంతుక్కూర్చునేది. మోకాళ్లు రెండూ గుండెకు ఆనించుకుని, వాటి చుట్టూ చేతులు చుట్టుకుని, పంచాయితీకి వచ్చిన పెద్దమనిషిలా ఎదురుగా చూస్తూ ఉండేది. కాసేపటికి తనంతట తనే లేచి నడిచేది. మళ్లీ నాలుగడుగులకు కూర్చునేది. నడివీధి అయినా అంతే, గుడి ముందరైనా అంతే, బురదైనా అంతే. వీధిలో వాళ్లకు ఇదొక వేడుక. "మ్మేయ్, మీ పెద్దమనిషి మళ్లా కూసునింది చూడు" అని నన్ను పిలిచి చెప్పేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. రెక్క పట్టి లేపితే రెండు క్షణాలు నిలబడి, నా ముఖంలోకి చూసి, మళ్లీ కూర్చునేది. "మొండితనం ఎవురి పోలికో తెలిసిపాయ" అని మా ఆయన నవ్వేవాడు. పులివెందులలో మా పుట్టింటికి పోతే మా తమ్ముడు దాన్ని వేరుసెనగ చేను దాకా నడిపించాలని చూసి, పొద్దు వాలేదాకా సగం దారి కూడా దాటలేక, "అక్కా, దీన్ని నడిపించేకంటే బండి కట్టేది మేలు" అని ఎత్తుకొచ్చేశాడు.

పడిపోవడాలు ఎక్కువయ్యాయి. ఒకసారి చాలాసేపు తెలివి రాకపోయేసరికి నేను, మా ఆయన పాపను తీసుకుని జమ్మలమడుగు ఆసుపత్రికి పోయాం. అక్కడ అప్పుడు ఒక దొరసాని డాక్టరు ఉండేది. తెలుగు ఆ ఊళ్లోనే నేర్చుకుంది గనుక నాకంటే మోటుగా మాట్లాడేది. తెల్లటి ముఖంలోంచి మా పల్లె మాటలు వస్తుంటే మొదట నాకు నవ్వాగలేదు. పాప గుండెకు గొట్టం ఆనించి కండ్లు మూసుకుని వింటూ ఉండిపోయింది. ఎంతకీ తీయదు. నా నవ్వు ఎటు పోయిందో పోయింది. గోళ్లు చూసింది, నాలుక చూసింది. చివరికి, "పాపను వరండాలో నడిపిచ్చు" అంది.

నడిపించాను. నాలుగడుగులు వేసి, మహారాణి ఎప్పటిలాగే కూర్చుంది. ఇంతమంది ముందర ఇదేం అవమానమని నేను రెక్క పట్టబోయాను. దొరసాని నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండు. ముట్టుకోవద్దు."

అని తన తెల్లకోటు నేలకు తగులుతున్నా లెక్కచేయకుండా పాప ఎదురుగా తనూ అలాగే గొంతుక్కూర్చుంది. ఇద్దరి ముఖాలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చాయి. పాప ఆమెను చూస్తోంది, ఆమె పాపను చూస్తోంది.

"ఈ పాపకు ఇట్ల కూసునేది ఎవురు నేర్పినారు?"

నా పెంపకానికి వంక పెడుతోందనుకున్నాను. "ఎవురూ నేర్పలేదు దొరసానీ. చెప్పినా ఇనదు. కొట్టినా ఇనదు" అన్నాను.

"ఇనకపోయేదే మేలయింది. ఇన్నాళ్లు బతికింది దాంతోనే" అంది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. పాప గుండెలో గోడకు కంత ఉంది. నెత్తురు ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకుగా ఉంది. ఏడ్చినా నడిచినా ఆ దారి ఇంకా బిగుసుకుంటుంది. అప్పుడు గాలి తగలని చెడు నెత్తురే ఒంట్లోకి పోతుంది, పెదవులు నల్లబడతాయి, తెలివి తప్పుతుంది. మోకాళ్లు మడిచి గుండెకు అదుముకుంటే కాళ్లలోకి దిగే నెత్తురు తగ్గి, ఆ ఇరుకుదారి గుండా ఊపిరికి ఇంకాస్త పోతుంది. ఈ జబ్బుతో పుట్టిన పిల్లలు ఏ దేశంలో ఉన్నా ఇలాగే కూర్చుంటారట. తమ దేశంలో, కుర్చీల మీద కూర్చునేవాళ్లను తప్ప గొంతుక్కూర్చునే మనిషిని పుట్టాక చూసి ఎరగని పిల్ల ఒకతె రోడ్డు మధ్యలో ఇట్లనే కూర్చోవడం తన కండ్లతో చూశానని చెప్పింది.

బస్సులో తిరిగి వస్తూ ఒళ్లో నిద్రపోతున్న దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆకలి అన్న మాట కూడా సరిగ్గా పలకడం రాని పిల్ల. చొక్కా ముందేదో వెనకేదో తెలియని పిల్ల. తన గుండెలో ఏ దారి ఇరుకో, ఎట్లా కూర్చుంటే అది తెరుచుకుంటుందో కనుక్కుంది. ఊరంతా నవ్వుతున్నా, తల్లి రెక్క పట్టి గుంజుతున్నా తన పని తను చేసుకుంటూ పోయింది. నేను కన్నాను, పాలిచ్చాను, దాని గురించి నాకు తెలియనిది లేదనుకున్నాను. ఆ బస్సులో దానికి దండం పెట్టాలనిపించింది. చుట్టూ జనం ఉన్నారని ఊరుకున్నాను.

దొరసాని ఇంకో మాట కూడా చెప్పింది. పాప పడిపోయినప్పుడు నిలువుగా ఎత్తుకోకూడదు. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, రెండు మోకాళ్లూ మడిచి గుండెకు అదమాలి. నిలబెడితే ఏదో ఒక రోజు తెలివి తిరిగి రాదు. కొంచెం పెద్దదయ్యాక రాయవేలూరు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి నెత్తురుకు ఇంకో దారి వేస్తారు. అప్పటిదాకా కాపాడుకోవడం మా చేతుల్లో ఉంది.

మా చేతులంటే మా అత్త చేతులు. నేను నీళ్లకు పోయినా, చాకిరేవుకు పోయినా పాప ఉండేది ఆమె దగ్గరే. ఇంటికి రాగానే దొరసాని చెప్పిందంతా చెప్పాను.

"బతికుండే బిడ్డను నేలకు దించమంటాందా ఆయమ్మ?" అంది మా అత్త.

"నేల వద్దులే అత్తా. మంచం మిందన్నా పండబెట్టు."

"తెలివి లేనప్పుడు పండబెట్టినోళ్లు మళ్లా లేయరు. నాకు చెప్పొద్దు."

నేను గొంతు పెంచాను. ఆమె ఇంకా పెంచింది. మా ఆయన మిల్లుకు వేళైందని చెప్పి చల్లగా జారుకున్నాడు. చివరికి ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక మాట చెప్పింది. మా ఆయనకంటే ముందర ఆమెకు ఒక కొడుకు పుట్టాడట. జ్వరం వచ్చి తెలివి తప్పితే ఇంట్లో పెద్దవాళ్లు ఇంక అయిపోయిందని దించేశారట. "ఇంగా ఊపిరాడతాండాదని మొత్తుకున్నా. ఎవురిన్నారు నా మాట? నేల మింద పెట్టినాకనే పోయినాడు నా బిడ్డ" అంది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు ఎవరూ చెప్పని సంగతి అది. ఆ తర్వాత నేను ఆమెతో వాదించలేదు. అట్లాగని బిడ్డను ఆమెకు వదిలిపోవాలన్నా ధైర్యం లేదు. నీళ్లకు పోతూ కూడా చంకనేసుకుని పోయేదాన్ని.

పాపకు మూడో ఏడు వచ్చాక శ్రావణ మాసంలో గండికి బయల్దేరాం. పుట్టెంటికలు తీయించాలి. వద్దంటే మా అత్త ఊరుకోదు, స్వామి ఊరుకుంటాడో లేదో నాకూ తెలియదు. పులివెందులలో మా తమ్ముడు కలిశాడు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టే కదా తీయించాలి. వేంపల్లె దాకా బస్సు, అక్కడి నుంచి ఎద్దులబండి. శ్రావణ శనివారం కావడంతో పాపాఘ్ని ఇసుకంతా జనమే. రెండు కొండల మధ్య ఏరు సన్నగా పారుతోంది. ఎటు చూసినా తడి తలలు, గుండ్లు.

మంగలి తల తడిపి కత్తి పెట్టగానే పాప ఏడుపు మొదలుపెట్టింది. సగం తల అయ్యేసరికి ఆ ఏడుపు తెగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. మా తమ్ముడు అదిరిపడి లేచి పాపను భుజానికెత్తుకున్నాడు. "నీళ్లు, నీళ్లు!" అని అరుస్తున్నాడు. నేను వాడి చేతుల్లోంచి బిడ్డను లాక్కుని ఇసుకలో పడుకోబెట్టాను.

చుట్టూ గోల లేచింది. "నేల మింద పెట్టిందే! ఏం తల్లిమ్మా ఇది!" ఎవరో నా భుజం పట్టి వెనక్కి గుంజారు. పాపను ఇసుకలో చూసిన ఒక ముసలామె అప్పుడే శోకాలు అందుకుంది. నేను మోకాళ్లు మడుస్తున్నాను. ఇసుక జారుతోంది, కాళ్లు పట్టు చిక్కడం లేదు. పెదవులు నల్లగా ఉన్నాయి. అంతలో జనాన్ని తోసుకుంటూ మా అత్త వచ్చింది. ఇసుకలో ఉన్న బిడ్డను చూసింది. ఇంక అయిపోయింది, ఎత్తేసుకుంటుంది, నా బిడ్డ నాకు దక్కదు అనుకున్నాను.

మా అత్త దబ్బున ఇసుకలో కూలబడింది. చీర మోకాళ్ల పైకి ఎగదోసి, కాళ్లు రెండూ బారజాపింది.

"ఇట్టియ్యి. నా కాళ్ల మింద ఎయ్."

పసిబిడ్డకు నీళ్లు పోసేటప్పుడు మా ఆడవాళ్లు కూర్చునే తీరు అది. బాలింత ఇంట్లో పెద్దామె కాళ్లు చాపుకుని కూర్చుంటే, ఆ కాళ్ల మీద బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి నూనె రుద్దుతారు, నీళ్లు పోస్తారు. కడుపులో గాలి పోవాలని చివర్లో బిడ్డ మోకాళ్లు మడిచి పొట్టకు అదుముతారు. మా ఆయనకు అట్లాగే చేసింది, మా పాపకు అట్లాగే చేసింది, వీధిలో పుట్టిన ఎంతమందికో చేసింది. నేను పాపను ఆ కాళ్ల మీద వేశాను. ఆమె రెండు పిక్కలూ ఒడిసిపట్టి, మోకాళ్లు మడిచి, గుండెకు ఆనించి, తన బరువంతా మోపి వంగింది. ఒక్క వేలు వణకలేదు. ఆమె ముఖం పాప ముఖానికి దగ్గరగా ఉంది. "నేల గాదు గదా ఇది. నా కాళ్లు గదా" అని ఎవరికో చెబుతున్నట్టు గొణుగుతోంది.

నేను పాప నోటి వైపు చూస్తూ ఉండిపోయాను. శోకాలు పెట్టిన ముసలామె కూడా నోరు మూసింది. కొంతసేపటికి పాప ఛాతీ ఎగసింది. ఒక ఊపిరి, ఆగి ఇంకొకటి. పెదవుల నలుపు కొంచెం కొంచెంగా వెనక్కి తగ్గింది. సగం గుండుతో, నీళ్లు కారుతున్న ముఖంతో కండ్లు తెరిచి వాళ్ల అవ్వను చూసి ఏడ్చింది. ఇంత త్వరగా ఎప్పుడూ తెలివి రాలేదు. ఆ రోజు స్వామి దగ్గరికి పోయి ఏం మొక్కాలో నాకు తోచలేదు. మా అత్త చేతులకేసి చూస్తూ నిలబడ్డాను. రోజూ అంట్లు తోమే చేతులవి.

ప్రొద్దుటూరికి తిరిగి వచ్చాక నేను ఎవరికీ ఏమీ నేర్పలేదు. మా అత్తే ఇంటింటికీ పోయి, కాళ్లు చాపి చూపించి వచ్చింది. "దించొద్దు, లేపొద్దు. కాళ్ల మింద ఎయ్యండి" అని చెప్పింది. నేలకు దించమంటే కొట్టడానికి వచ్చే వీధి కాళ్ల మీద వేసుకోమంటే సరేనంది. ఒకరోజు నీళ్ల బిందెతో వస్తుంటే మా వీధిలో పత్తి బండ్లు ఆగి ఉన్నాయి. ముందుకు పోయి చూస్తే సాయిబుల పెద్దమ్మ నడివీధిలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. మా పాప ఆమె కాళ్ల మీద ఉంది. బండ్లవాళ్లు ఎద్దుల పగ్గాలు పట్టుకుని గమ్మున నిలబడ్డారు. పాప కండ్లు తెరిచాక ఒకడు, "లేసినాదా అమ్మీ? పోవచ్చునా?" అని అడిగి బండి కదిలించాడు. ఏ ఇంటి బిడ్డో తెలియని మనుషులు అంత ఓర్పుగా నిలబడడం చూశాను. బిందె అక్కడే దించేసి కూర్చున్నాను.

అట్లా ఒకరి కాళ్ల మీంచి ఒకరి కాళ్ల మీదికి మా పాప ఆరేండ్లు వచ్చేదాకా బతికింది. అప్పుడు జమ్మలమడుగు దొరసాని రాయవేలూరు వాళ్లతో మాట్లాడి, ఇంక తీసుకుపొమ్మంది. ముద్దనూరులో రైలెక్కి, రేణిగుంటలో మారి, కాట్పాడిలో దిగాం. రైలు ముఖం ఎరగని మా అత్త కూడా బయల్దేరింది. ఆపరేషన్ జరిగిన రోజంతా వరండాలో గోడకు ఆనుకుని కాళ్లు బారజాపుకునే కూర్చుంది. నర్సులు దాటుకుంటూ పోతున్నారు. "కాళ్లు ముడుచుకో అత్తా, అందరికీ అడ్డముండాయి" అన్నాను. "ఉండనీ" అంది. ఆ రోజు మేము మాట్లాడుకున్నది అంతే.

మరుసటి రోజు నన్ను ఒక్కదాన్నే లోపలికి రానిచ్చారు. పొడుగాటి గది. వరసగా మంచాలు. అన్నింటి మీదా మెడ దాకా దుప్పటి కప్పిన పిల్లలు. నేను ఒక్కో ముఖమే చూసుకుంటూ పోతున్నాను. నల్లటి పెదవులున్న బిడ్డ ఎక్కడా కనబడడం లేదు. ఏమైందో, ఎక్కడికి తీసుకుపోయారో, నాకెందుకు చెప్పలేదో. చివరి మంచం దాకా పోయి, నర్సును పిలవాలని వెనక్కి తిరిగాను.

"మ్మా, యాడికి పోతాండావు?"

నేను దాటి వచ్చిన మంచం మీంచి. ఎవరి బిడ్డో అనుకుని పక్కనుంచే నడిచిపోయాను. దగ్గరికి పోయి వంగి చూశాను. ముక్కు నాదే, నుదురు మా అత్తది. పెదవులు ఎర్రగా ఉన్నాయి. చెవులు, గోళ్లు, అన్నీ ఎర్రగా ఉన్నాయి. కన్న ఆరేండ్లకు నా బిడ్డ రంగు నేను మొదటిసారి చూశాను.